సిక్కోలోడి స్టార్ బస

శ్రీకాకుళం పట్నానికి రైలు రాదు. వచ్చేది ఆమదాలవలసకి. ఆ స్టేషన్ బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని రాసిపెట్టి, అక్కణ్ణించి పట్నం దాకా మీ తంటాలు రోడ్డు మీదేనని రైల్వేవాళ్ళు ముందే చేతులు దులుపుకున్నారు. అలాంటి ఊరు ఈ దేశానికి పౌర విమానయాన మంత్రినిచ్చింది. పొరుగున ఉన్న విజయనగరం అంతకుముందే ఒకరినిచ్చేసింది. 2014 మే నుంచి 2018 మార్చి దాకా పూసపాటి అశోక్ గజపతిరాజు గారు. 2024 జూన్ నుంచి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. ఒకే శాఖ, ఇద్దరు కేబినెట్ మంత్రులు, ఆనుకుని ఉన్న రెండు జిల్లాలు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత కట్టినవాడెవడో, ఆమదాలవలసలో ఆటో కోసం నిలబడే కట్టుంటాడు.

ఇంత ఘనత ఉన్నచోట నేను మంచం గురించి రాస్తున్నాను. విమానం గురించి అందరూ రాసేశారు. మా దగ్గర్లోని భోగాపురం కొత్త విమానాశ్రయం రన్‌వే 3,800 మీటర్లని, మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు పడతారని, టెర్మినల్ ఎగిరే చేప వాలకంలో ఉంటుందని మా వీధి టీకొట్టువాడు కూడా కప్పు అందిస్తూ చెబుతాడు. ఆ చేప తెల్లారగట్ల ఎగిరితే, అందులో ఎక్కాల్సిన మనిషి ముందు రాత్రి ఎక్కడ నడుం వాలుస్తాడన్నది మాత్రం ఏ శిలాఫలకం మీదా చెక్కలేదు. శిలాఫలకాలు రెండున్నా కూడా.

ఇది చిన్న విషయం కాదండీ. ఇచ్ఛాపురం నుంచి భోగాపురానికి జాతీయ రహదారి మీద నూట ఎనభై కిలోమీటర్ల దరిదాపు. విదేశం పోయే విమానమైతే మూడు గంటల ముందు రమ్మంటారు. గల్ఫ్ వైపు పోయేవాటికి సూర్యుడంటే గిట్టదు, చాలావరకు అర్ధరాత్రి దాటాకో కోడి కూయకముందో లేస్తాయి. కాబట్టి ఇచ్ఛాపురం పక్క కవిటి మనిషి ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరాలి. పొద్దుగూకేసరికి చేరతాడు. చేరి?

ఆ ‘చేరి?’ దగ్గర నిలబడి ఉండేదే విమానాశ్రయ హోటల్.

భోగాపురంలో అలాంటివి లేచేలోగా మచ్చుకొకటి చూడమని దేవుడు తలచాడు కాబోలు, ఈమధ్య ఒక మహానగరంలో విమానాశ్రయం పక్క హోటల్లో ఒక రాత్రి ఉన్నాను. రాత్రి అనడం అతిశయోక్తి. పదకొండుకి వెళ్ళి రెండున్నరకి బయటపడ్డాను. హోటల్ పేరు చెప్పను. చెబితే, మీ అనుభవానికి పదికి ఎన్ని మార్కులేస్తారని మళ్ళీ ఫోన్లు మొదలెడతారు.

గుమ్మంలో ఒకమ్మాయి బొట్టు పెట్టింది. ఒకబ్బాయి చల్లటి తువ్వాలిచ్చాడు. ఇంకొకబ్బాయి నా చేతిలో సంచీ లాగాడు. ఈ మూడోవాడితో కొంచెం పెనుగులాడాను, రైలు ప్రయాణాల అలవాటు. తరవాత తెలిసింది, అది మర్యాదట.

రిసెప్షన్‌లో కూచున్న అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూ నవ్వింది. చెకిన్ మధ్యాహ్నం రెండు, చెకౌట్ మర్నాడు పన్నెండు అంది.

“అంటే రోజుకి ఇరవై రెండు గంటలే కదమ్మా?” అన్నాను.

“పాలసీ సార్.”

భూమి తన చుట్టూ తాను తిరగడానికి ఇరవై నాలుగు గంటలు పడుతుందని నలభై ఏళ్ళపాటు పిల్లలకి చెప్పినవాణ్ణి. హోటల్ భూగోళం కొంచెం తొందరగా తిరుగుతుంది. సరే, ఇరవై రెండే అనుకుందాం. నేను పడుకునేది మూడున్నర గంటలు. మిగతా పద్దెనిమిదిన్నర గంటలూ ఆ గది నా పేరు మీద ఒంటరిగా, ఏసీలో, నా ఖర్చుతో పడుకుంటుంది. నేను వచ్చేదాకా తొమ్మిది గంటలు నా కోసం ఎదురుచూసినందుకు కొంత, నేను వెళ్ళాక మరో తొమ్మిదిన్నర గంటలు నన్ను తలుచుకుంటూ ఉన్నందుకు కొంత. కన్నతల్లి కూడా ఇంత లెక్క కట్టదు.

“గంటల లెక్కన ఇవ్వరా అమ్మా?” అని అడిగాను.

ఆ నవ్వు ఆరిపోయింది. పక్కనున్న మేనేజరు తలెత్తాడు. “సార్, మాది అలాంటి హోటల్ కాదు” అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడు గాని బోధపడలేదు. మన దేశంలో గది గంటల లెక్కన అడిగేవాడు ఒకే పనికి అడుగుతాడని లోకం నమ్మకం. తెల్లారి విమానం ఉన్న అరవై దాటిన మనిషి నిద్రపోవడానికి అడుగుతాడన్నది వాళ్ళ శిక్షణలో లేదు. శీలం నిలబెట్టుకోవాలంటే పద్దెనిమిదిన్నర గంటల అద్దె అదనంగా కట్టాలి. కట్టాను. నా శీలానికి రశీదు కూడా ఇచ్చారు.

గదిలో మొదటి అరగంట దీపాలార్పడానికి సరిపోయింది. తలుపు దగ్గర మీటలు, మంచం పక్కన మీటలు, అద్దం వెనక మీటలు. ఒకటార్పితే రెండు వెలుగుతాయి. ఎక్కడో కాళ్ళ దగ్గర ఒక నీలం బుడ్డి దీపం ఎంతకీ ఆరలేదు, దానిమీద తువ్వాలు కప్పాను. మంచం మీద ఆరు తలగడాలు. నాకున్నది ఒక తల. స్నానాల గదికీ మంచానికీ మధ్య గోడ ఉండాల్సిన చోట అద్దం ఉంది. ఈ ఏర్పాటు ఎవరి కోరిక మీద జరిగిందో స్టార్ హోటళ్ళవాళ్ళని ఇంతవరకు ఎవరూ నిలదీసినట్టు లేదు. ఒంటరిగా వచ్చినవాడికి తనని తాను చూసుకునే దుర్గతి, భార్యతో వచ్చినవాడికి ఆవిడ తిట్లు. కిటికీ తెరుచుకోదు. ‘రన్‌వే వ్యూ’ గదికి ఇంకొంచెం ఎక్కువట. కాసేపట్లో ఎక్కబోయే విమానాన్ని ముందుగా అద్దంలోంచి చూసినందుకు డబ్బులు!

గుమ్మం దగ్గర ఒక జత గుడ్డ చెప్పులు పెట్టారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ఉడాన్ పథకం తొలి విమానానికి జెండా ఊపుతూ ప్రధానమంత్రి గారు హవాయి చెప్పులేసుకునేవాడు కూడా హవాయీ జహాజ్ ఎక్కాలని అన్నారు. అప్పటికి విమానయాన శాఖ మా విజయనగరం రాజుగారి చేతిలోనే ఉంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి అని పెట్టారు, కొన్ని సీట్లకి. మంచి మాట. విమానమెక్కడానికి పరిమితి పెట్టారు. ఎక్కేముందు పడుకోడానికి పెట్టలేదు. హవాయి చెప్పులవాడు గాలిలో గంటకి కట్టేదానికన్నా నేల మీద నిద్రకి ఎక్కువ కడుతున్నాడు.

‘ఉచిత అల్పాహారం’ అని తాళం కార్డు కవరు మీద బంగారు అక్షరాలతో ఉంది. వేళ ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర. విమానాశ్రయం గోడకి ఆనుకుని ఉన్న హోటల్, అందులో దిగేవాళ్ళలో సగంమంది కోడికన్నా ముందు లేచేవాళ్ళు. వాళ్ళందరూ వెళ్ళిపోయాక ఇడ్లీ వేస్తారు! అడిగితే అట్టపెట్టెలో కట్టి ఇచ్చారు. ఒక ఆపిల్, చల్లబడిన రొట్టె, గాజు సీసాలో పళ్ళరసం. ఆ పళ్ళరసం సీసా సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుందని ఇచ్చినవాడికీ తెలుసు, పుచ్చుకున్న నాకూ తెలుసు.

బిల్లులో పన్ను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నవ్వొచ్చే భాగం అదే. జీఎస్‌టీ వచ్చిన మొదట్లో రోజుకి వెయ్యి రూపాయల లోపు గదికి పన్ను లేదు. బస్టాండు ఎదురుగా ఉండే లాడ్జీలన్నమాట, కంతలున్న దోమతెర, కారే కొళాయి. 2022 జులై 18 నుంచి ఆ లాడ్జీకి కూడా 12 శాతం వేశారు. దోమలు మాత్రం అదివరకటిలాగే కుట్టాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా ఉన్న గదులన్నిటికీ 5 శాతం చేశారు. ఆరొందల గదీ, ఏడువేల గదీ ఇప్పుడు పన్ను దగ్గర సమానులు. సోషలిజం ఇంత చప్పుడు లేకుండా వస్తుందని ఎవరనుకున్నారు!

ఈ బసల వ్యాపారంలో విజయనగరానికి పాత అనుభవం ఉంది. గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, ఆ ఊళ్ళోనే. అందులో పూటకూళ్ళమ్మ పూటకింత అని అన్నం పెట్టి బతికే మనిషి. తిన్న పూటకే డబ్బు. తినని పూటకి అడిగిన పాపాన పోలేదు. ఎగ్గొట్టిన గిరీశాన్ని చీపురుకట్టతో వెతుక్కుంటూ మధురవాణి ఇంటికెళ్ళింది, అయ్యవారు మంచం కింద దూరారు. ఈ కాలపు పూటకూళ్ళమ్మకి చీపురు అక్కర్లేదు. గదిలో అడుగుపెట్టకముందే మన కార్డు మీద కొంత సొమ్ము పట్టి ఉంచుతుంది. ఇక గిరీశం సంగతి అంటారా, పాపం, స్టార్ హోటల్ మంచాలకి కింద ఖాళీయే ఉండదు. నేను వంగి చూశాను.

గంటల లెక్క కుదరదు, అది పెద్ద హోటళ్ళ పద్ధతి కాదు అనేవాళ్ళని ఒకసారి అదే విమానాశ్రయం ఆవరణలో చుట్టూ చూడమనండి. కారు పెట్టుకుంటే అరగంటకింత, గంటకింత. కారు మధ్యాహ్నం రెండింటికి చెకిన్ అవ్వాలని ఏ పార్కింగువాడూ అనడు. సరుకుకి గిడ్డంగి ఉంటుంది, కొన్ని గంటలు ఉచితం కూడా. రొయ్యకైతే చల్లటి గది. ఇనుముకీ రొయ్యకీ గంటల లెక్క వర్తిస్తుంది, మనిషికి మాత్రం రోజు లెక్క. ఈ తర్కం అర్థమైనవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు తప్పకుండా ఏదో ఒక హోటల్లో వాటాదారులై ఉంటారు.

కాలిఫోర్నియాలో ఓక్లండ్ విమానాశ్రయం పక్కన 1929లోనే ప్రయాణికుల కోసం హోటల్ కట్టారు. జపాన్‌లో ఒసాకావాళ్ళు 1979లో మనిషి పట్టే గూళ్ళు చేసి, కంటి నిండా నిద్రకి కావలసింది ఆ పాటి చోటేనని తేల్చేశారు. అంతదూరం ఎందుకు, 2025లో విశాఖపట్నం రైల్వేస్టేషన్లో గూళ్ళ హోటల్ తెరిచారు. ఒంటరి మనిషికి మూడు గంటలకి 200 రూపాయలు, రోజంతా అయితే 400. ఆడవాళ్ళకి విడిగా. ఆ గూట్లో పడుకున్నవాళ్ళ శీలానికి ఏ భంగమూ కలిగినట్టు వార్త రాలేదు. రైలుకి తెలిసిన సంగతి విమానానికి ఎందుకు తెలీదంటే, విమానం పైనుంచి చూస్తుంది, మనుషులు చిన్నగా కనిపిస్తారు.

రెండున్నరకి హోటల్ వదిలి టెర్మినల్ ముందుకొస్తే, గేటు పక్క ట్రాలీలకి ఆనుకుని నలుగురు కుర్రాళ్ళు. అట్టపెట్టెలకి నైలాన్ తాడు కట్టి, తాడు కొస చేతికి చుట్టుకుని కూచున్నారు. మాట వినగానే తెలిసిపోయింది.

“ఏవూరు బావూ?”

“కవిటండి. తమరిదో?”

“సిక్కోలే. రాత్రంతా ఇక్కడేనా?”

“ఇక్కడేనండి పంతులుగారూ. లోపలికి ఒగ్గలేదు. టికట్టు టైమవ్వాలంట.”

“గదేదైనా తీసుకోకపోయారా?”

పెద్దవాడు నవ్వాడు. “ఎల్లి అడిగినామండి. రాత్రికి ఆరేలన్నాడు. ఎన్ని కొబ్బరికాయలమ్మితే ఆరేలవుతాదో లెక్కెట్టుకున్నాం. మా తోటలో తిత్లీ తుపానుకి సగం చెట్లు పోనాయి. ఉన్నయ్యన్నీ దింపినా సాలవని తేలింది. ఇంకేటి సేత్తాం, ఒచ్చీసినాం.”

“మరి తిండి?”

“అమ్మ పులుసన్నం కట్టినాది. మద్దినేలే అయిపోనాది.” నా చేతిలో అట్టపెట్టె చూసి అడిగాడు. “తమరు లోపలే తొంగున్నారేటి? నిద్దరట్టినాదా?”

“లైట్లార్పడానికే సరిపోయింది” అన్నాను. నలుగురూ పకపకా నవ్వారు. ఆ రొట్టె పెట్టె వాళ్ళకిచ్చాను. ఆపిల్ పంచుకున్నారు, రొట్టె వాసన చూసి పక్కన పెట్టేశారు. పళ్ళరసం అక్కడే తాగేశారు. సెక్యూరిటీవాడి వాటా తగ్గింది.

మా రెండు జిల్లాలకీ ప్రయాణం కొత్తేమీ కాదు. ముత్తాతలు రంగూన్‌కి ఓడెక్కారు. తాతలు అస్సాం తేయాకు తోటలకి పోయారు. ఇప్పటివాళ్ళు హైదరాబాదులో అంతస్తులు లేపుతారు, గుజరాత్ వేరావల్‌లో బోట్లెక్కుతారు, గల్ఫ్‌లో వెల్డింగు చేస్తారు. పోయినచోటల్లా మేం కట్టిన కట్టడాల్లో పడుకునేది వేరేవాళ్ళు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్ళి సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకున్న మా మత్స్యకారులు 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. బయటి ఊళ్ళో మావాళ్ళకి అడక్కుండా బస ఇచ్చింది ఇప్పటిదాకా ఆ జైలొక్కటే.

ఇక భోగాపురం. ఇక్కడ అసలు ‘స్వల్పకాల బస’ చేసిందెవరో చూద్దాం.

2015లో మొదటి మాట 15,000 ఎకరాలు. జనం రోడ్డెక్కారు. అయిదువేల చిల్లరకి దిగింది. ఇంకా గొడవైతే 2,700కి దిగింది. చివరికి విమానాలు దిగేది 2,203 ఎకరాల్లో. రెండువేల చిల్లరలో సరిపోయే విమానానికి పదిహేనువేలు అడిగారంటే, మిగతా దాంట్లో ఏం దింపుదామనుకున్నారో ఆ మ్యాపు గీసినవాళ్ళకే తెలియాలి. మధ్యలో ఒక 500 ఎకరాలు ఉన్నాయి, వాటి కథ వేరు. ఒక ప్రభుత్వం కలిపింది, తరవాతిది తీసేసింది, మొదటిది మళ్ళీ వచ్చి మళ్ళీ కలిపింది. రన్‌వేకి కాదు, దాని చుట్టూ కళకళలాడాల్సిన వ్యాపారానికి. హోటళ్ళు లేచేది అలాంటి నేల మీదే.

టెండరూ అంతే. మొదటిసారి కేంద్రప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రాబడిలో 30.2 శాతం ఇస్తామని గెలిచింది. జీఎంఆర్ 21.6 దగ్గర ఆగింది. 2018లో ఆ టెండరు రద్దయింది. ఆ సంస్థ ఏ శాఖ కింద ఉందో, ఆ శాఖ అప్పుడు ఏ జిల్లావారి చేతిలో ఉందో మొదటి పేరాలో చెప్పాను. రెండోసారి ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున ఇస్తామని జీఎంఆర్ గెలిచింది, 2020 జూన్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఆ జీఎంఆర్ ఆసామీ గ్రంధి మల్లికార్జునరావు గారిది రాజాం. మొన్నమొన్నటి దాకా అది శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా. ఊరు ఊళ్ళోనే ఉంది, జిల్లాయే చెకౌట్ చేసింది.

శంకుస్థాపనలు రెండు. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు గారు ఒక రాయి వేశారు. 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి గారు ఇంకో రాయి వేశారు. మొదటి రాయి ఏం తప్పు చేసిందో ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ళు ఎండలో ఉండి, గది ఖాళీ చేసింది. 2026 జనవరి 4న పరీక్ష కోసం వచ్చిన తొలి విమానంలో మంత్రి రామ్మోహన్ నాయుడు గారు స్వయంగా వచ్చి దిగారు. చప్పట్లు కొట్టాం. మనస్ఫూర్తిగానే కొట్టాం, అందులో వ్యంగ్యమేం లేదు.

అయితే మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అని నాలుగు ఊళ్ళుండేవి. జీడి తోటలు, కొబ్బరి, సరుగుడు, రాములవారి గుడి. నాలుగొందల పైచిలుకు కుటుంబాలు. తరతరాలుగా ఉంటున్నాం, ఇది మా ఇల్లు అనుకున్నారు. కాదని తేలింది. వాళ్ళు ఇన్నాళ్ళూ బసకి దిగినవాళ్ళు మాత్రమే. ఒక రోజున రిసెప్షన్ నుంచి కబురొచ్చింది, చెకౌట్ టైమయిందని. సామాన్లు సర్దుకుని పునరావాస కాలనీలకి పోయారు. అదే నేల మీద కంపెనీకి ఒప్పందం నలభై ఏళ్ళు, ఇష్టమైతే ఇంకో ఇరవై. పుట్టినవాడిది స్వల్పకాల బస, టెండరేసినవాడిది శాశ్వత నివాసం. దీన్ని అభివృద్ధి అంటారు. నాకు ఇంకో పేరు తెలుసు గాని ఈ పత్రిక కుటుంబాలన్నీ చదువుతాయి.

అన్నిటికీ మించి, ఈ విమానాశ్రయానికి పెట్టిన పేరు అల్లూరి సీతారామరాజుది. పాండ్రంగిలో పుట్టిన మనిషి, ఆ ఊరు ఇక్కడికి దగ్గరే. అడవిలో మన్యంవాళ్ళ భూములు లాగేసుకుని, కూలి సరిగా ఇవ్వకుండా రోడ్లేయించుకుంటున్నారని 1922లో తిరగబడి, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్‌స్టేషన్ల మీద వరసగా పడ్డాడు. ఆయన ఇవాళ విల్లంబులతో టెర్మినల్‌కి వస్తే ఏమంటారో తెలుసు కదా. ఆధార్ చూపించమంటారు, బాణాలు చెకిన్ లగేజీలో వెయ్యమంటారు, గది కావాలంటే కార్డు గీకమంటారు.

సంగతి ఇదీ. శాఖ మాది. కట్టిన కంపెనీ ఆసామీ మావాడు. నేల మాది. పేరు మా మనిషిది. ఎక్కేవాళ్ళలోనూ బోలెడుమంది మావాళ్ళే. ముందురాత్రి పడుకునే చోటొక్కటే మాది కాదు. రేపు మందస, వజ్రపుకొత్తూరు వైపు కార్గో విమానాశ్రయం అంటున్నారు, ఉద్దానం రైతులు వద్దని కూచున్నారు. వద్దనకండర్రా, ఆలోచించండి. కార్గోగా వెళ్తే గిడ్డంగిలోనైనా చోటిస్తారు.

రామ్మోహన్ నాయుడు గారూ, ఇక మీతో మాట. మీరు 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టించారు. తరవాత చెన్నైలోనూ పెట్టించారు. టీ పది రూపాయలు, సమోసా ఇరవై. విమానాశ్రయంలో టీ తాగాలంటే పొలం తాకట్టు పెట్టాలన్న రోజుల్లో ఆ పని మీరే చేశారు, ఒప్పుకుంటాం. పది రూపాయలకి టీ ఇప్పించిన చేతికి పడక ఇప్పించడం బరువు కాదు. భోగాపురంలో ఆ అయిదొందల ఎకరాల్లో ఒక్క ఎకరం చాలు. ఆరు తలగడాలొద్దు, అద్దాల స్నానాల గది అసలే వద్దు. ఒక చాప, ఒక ఫ్యాను, సామాను పెట్టుకుని తాళమేసుకునే గూడు, ఆడవాళ్ళకి వేరే హాలు, రాత్రి రెండింటికి పొగలొచ్చే ఇడ్లీ. ఇచ్ఛాపురం, పాలకొండ, పార్వతీపురం, సాలూరు బస్టాండుల నుంచి విమానాల వేళకి ఆర్టీసీ బస్సు. గుమ్మంలో బొట్టు పెట్టక్కర్లేదు. మేం ఇంటి దగ్గర పెట్టుకునే వస్తాం.

విశాఖ స్టేషన్ లెక్కనే, మూడు గంటలకి రెండొందలు మేమే కట్టుకుంటాం. రశీదు మాత్రం మూడు గంటలకే ఇప్పించండి.